పారబోసిన తరవాణి

మా ఆయన రిటైరైన ఏడాదికి, తిండి పారేయకూడదని కనిపెట్టారు. కనిపెట్టారనే రాస్తున్నాను. ఆయన ఆ మాట చెప్పే తీరు అలా ఉంటుంది, అంతకుముందు ఈ భూమ్మీద ఎవరికీ తట్టనట్టు. బ్యాంకులో ఉన్నన్నాళ్ళూ మంచినీళ్ళ కోసం కూడా వంటింట్లోకి వచ్చేవారు కాదు, హాల్లోంచి కేకేసేవారు. అలాంటి మనిషి ఒకరోజు ఫోన్లో ఏదో వీడియో చూసి లేచి, ఫ్రిజ్ తలుపు తీసి, గిన్నెలన్నీ బల్ల మీద పరిచి, "ఇదంతా వేస్టే కదా" అన్నారు. ఆ గిన్నెల్లో ఒకటి నా మధ్యాహ్నం భోజనం. దాన్ని తీసి మళ్ళీ లోపల పెట్టాను.

మా పుట్టింట్లో ఈ పనికి పేరు లేదు. శ్రీకాకుళం దగ్గర, సముద్రం గాలి తగిలే ఊరు మాది. పండగ మర్నాడు మిగిలినవన్నీ అమ్మ ముందుకి వచ్చేవి. గారెలు పెరుగులో పడేవి, అప్పటికీ మిగిలితే మూడోరోజుకి మజ్జిగ పులుసులోకి చేరేవి. బూరెల పూర్ణం మిగిలితే పాలు పోసి పాయసం చేసేది. పులిహోర మిగిలితే శనగపిండీ ఉల్లిపాయా కలిపి నూనెలో వేసేది. నాన్నకీ అన్నయ్యకీ వేడిగా వేరే అన్నం వండి పెట్టి, అమ్మా నేనూ ఇవి తినేవాళ్ళం. ఎంత రుచిగా ఉన్నా అది మా వంతు. నాన్న ఎప్పుడైనా ఒక ముక్క నోట్లో వేసుకుని బాగుందంటే అమ్మ ముఖం వెలిగిపోయేది. ఆ వెలుగు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అంత తెలివీ అంత నేర్పూ ఉన్న మనిషికి, వాటిని చూపించుకోవడానికి దొరికింది ఇంకొకళ్ళు తినగా మిగిలిన గిన్నె.

పెళ్ళై కలకత్తా వచ్చాక నా వంతు ఇంకా పెరిగింది. దసరాకి మా వంటలు మావి. వాటికి తోడు కింద పూజ పందిరి నుంచి మూడు రోజుల పాటు మధ్యాహ్నం భోగ్, అమ్మవారి ప్రసాదం, వస్తుంది. అంటే బియ్యం పప్పు కలిపి వండిన ఖిచురీ బకెట్ల కొద్దీ, దానితోపాటు అన్ని కూరగాయలూ కలిపి ఉడికించిన లాబ్రా. దశమి దాటాక బిజొయా పలకరింపులు మొదలవుతాయి. గుమ్మంలోకి వచ్చిన ప్రతివాళ్ళ చేతిలోనూ మిఠాయి డబ్బా ఉంటుంది. మనం వెళ్ళినా డబ్బాతోనే వెళ్ళాలి. అలా ఊరంతా ఒకరి సందేశ్‌లు ఒకరికి పంచుకుని, వారం తిరిగేసరికి ప్రతి ఇంట్లోనూ ఎండిపోయిన సందేశ్‌లు, రసగుల్లాలు అయిపోయాక మిగిలిన పాకం, ఎవరూ ముట్టని కొబ్బరి ఉండలు మిగులుతాయి.

నేను వాటితో కుస్తీ పట్టాను. పట్టి పట్టి గెలిచాను కూడా. మర్నాటికి గడ్డకట్టిన ఖిచురీని ఇనప మూకుట్లో అదిమి, అంచుల వెంట నూనె వదిలి, మందంగా దిబ్బరొట్టెలా కాల్చేదాన్ని. లాబ్రా మెదిపి, బియ్యప్పిండి కలిపి, నలుచదరంగా తట్టి వేయించేదాన్ని. ఎండిన సందేశ్ చిదిపి, యాలకుల పొడి కొట్టి, దాన్నే పూర్ణంగా పెట్టి బొబ్బట్లు చేశాను. బెంగాలీ మిఠాయి మన బొబ్బట్లోకి దూరడానికే పుట్టినట్టు కుదిరింది. ఇదంతా చేసి పెడితే మా ఆయన పేపర్ చదువుతూ తినేవారు. ఏం తింటున్నారో ఎప్పుడూ అడగలేదు.

తరవాణి కుండ సంగతి వేరు. దాన్ని నేను తప్ప ఎవరూ ముట్టుకునేవారు కాదు.

తరవాణి తెలియనివాళ్ళ కోసం చెబుతాను. అన్నం వార్చిన గంజి, బియ్యం కడిగిన నీళ్ళు మట్టికుండలో పోసి, దబ్బాకులు తుంచి వేసి, కాస్త ఉప్పు వేసి పులియనిస్తాం. మిగిలిన అన్నం అందులో వేస్తే మర్నాటికి ఆ పులుపు పట్టి, చల్లగా, కడుపులో హాయిగా ఉంటుంది. పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ తినాలి. రోజూ తీసుకుంటాం, రోజూ పోస్తాం. కానీ కుండ అడుగున పాత తరవాణి ఎప్పుడూ ఉండాలి. కడగాల్సి వస్తే పాతది గిన్నెలోకి వంచి, కుండ కడిగాక మళ్ళీ అందులోనే పోయాలి. కుండలు పగిలిపోతాయి, మారతాయి. ఆ పులుపు మాత్రం అలా సాగుతూనే ఉంటుంది. మా అమ్మకి వాళ్ళ అమ్మ ఇచ్చింది. నేను కాపురానికి వచ్చేటప్పుడు అమ్మ మూతబిగువు స్టీలు డబ్బాలో పోసి, గుడ్డతో కట్టి నా చేతికిచ్చింది. అన్నం పెట్టే చోట అది ఉండాలని చెప్పింది.

ఆ డబ్బా రైల్లో మా ఆయన ఒళ్ళో ఉంది. ఇది రాసి తీరాలి. ఎందుకు రాయాలో ముందు ముందు తెలుస్తుంది. సామానంతా నా చుట్టూ ఉంటే దాన్ని పట్టుకోవడానికి ఆయన తప్ప ఎవరూ లేకపోయారు. హౌరా చేరేలోపు రెండుసార్లు ఒలికి కొత్త ప్యాంటు పాడైంది. ఆ వాసన ఉతికినా పోలేదని ఆయన ఏడాదిపాటు సాధించారు. ఆయనది కృష్ణా జిల్లా. అటువైపు వాళ్ళింట్లో తరవాణి లేదు. ఆ కుండని ఆయన మొదటి రోజు నుంచీ పులిసిన కంపు అనే పిలిచారు.

దబ్బాకులు ఇక్కడ దొరకక గంధరాజ్ నిమ్మాకులు వేసేదాన్ని. అవి ఇంకా ఘాటుగా, బాగుంటాయి. ఊరెళ్ళినప్పుడు కుండ ఎండిపోతుందని కొంచెం సీసాలో పోసుకుని వెంట తీసుకెళ్ళేదాన్ని. ఏ ఇంటి నుంచి వచ్చిందో ఆ ఇంటికే సీసాలో మోసుకొచ్చానని అమ్మ ఒకసారి పడీ పడీ నవ్వింది. పన్నెండేళ్ళ కిందట అమ్మ పోయింది. ఏడాది తిరక్కుండా వదిన అక్కడి కుండ తీసేసింది. ఫ్రిజ్ ఉండగా ఈ వాసన ఎందుకంది. నా కుండ నాకుందనుకున్నాను. అమ్మ నగలు ఎవరికి వెళ్ళాలో వాళ్ళకి వెళ్ళాయి, చీరలు పంచేశారు. అమ్మ చేయి పడినది, ఇంకా బతికున్నది, నా దగ్గర అదొక్కటే మిగిలింది.

మా పై అంతస్తులో ఒక ముసలావిడ ఉంటుంది. బిల్డింగంతా ఆవిణ్ణి మాషిమా, అంటే పిన్నీ, అంటుంది, నేనూ అదే అంటాను. ఆవిడ నన్ను బౌమా అని, కోడల్ని పిలిచినట్టు పిలుస్తుంది. వచ్చిన కొత్తల్లో ఒకరోజు మా గుమ్మంలో నిలబడి ముక్కు ఎగబీల్చి, సరాసరి వంటింట్లోకి నడిచి, కుండ మూత తీసి, ఆమానీ కదా ఇది అంది. వాళ్ళ ఊళ్ళో కూడా పాంతా భాత్, అంటే నీళ్ళలో నానిన చద్దన్నం, మీద నీళ్ళని అలాగే పులియబెట్టి తాగేవాళ్ళట. కలకత్తాలో కాపురం పెట్టాక మామగారి ఇంట్లో నామోషీ అని మానేసిందట. అప్పట్నుంచి కడుపులో బాగాలేనప్పుడల్లా గ్లాసు పట్టుకుని వస్తుంది. మా ఆయన హాల్లో ఉంటే ఆవిడ గ్లాసు చూసి మొహం తిప్పుకునేవారు.

ఇక ఆయన కనిపెట్టిన దాని సంగతి. బిల్డింగ్ వాళ్ళ ఫోన్ గ్రూపులో ఆయన రోజూ ఒకటి పెట్టడం మొదలుపెట్టారు. ఖిచురీ దిబ్బరొట్టె ఫోటో, కింద తన ఆలోచన అని రాత. సందేశ్ బొబ్బట్టు ఫోటో, కింద తన ప్రయోగం అని రాత. పెనం మీద చేయి నాది కాబట్టి ఫోటోలో చేయి కత్తిరించేవారు. చప్పట్ల బొమ్మలు వరదలా వచ్చేవి. నేను ముప్పై ఏళ్ళు చేసినప్పుడు అది ఇంటిపని. ఆయన ఫోటో తీసిన రోజు నుంచి అది తెలివితేటలు. మా అమ్మాయి ఇక్కడే ఉద్యోగం చేస్తుంది. తెలుగు ఇంట్లో మాట్లాడుతుంది గాని చదవడం కూడబలుక్కోవాలి. దానితో చెప్పుకుంటే, నాన్నకి పొద్దుపోవాలి కదా, వదిలేయమ్మా అంది. వదిలేశాను.

పోయిన పూజలకి కమిటీ వాళ్ళు ఒక కార్యక్రమం పెట్టారు. దశమి వెళ్ళిన మూడో రోజు, ఆదివారం, కింద హాల్లో. పండగలో మిగిలినవాటితో ఏమేం చేయొచ్చో మా ఆయన వండి చూపిస్తారు. ఒక్క మెతుకు కూడా వృథా కాకుండా అని బెంగాలీలో పెద్ద బ్యానర్ కట్టారు. ఆయన నాలుగు రోజుల ముందు నుంచి నోటుపుస్తకం పట్టుకుని నా వెనక తిరిగారు. పిండి ఎంత, మంట ఎంత, ఎంతసేపు నానాలి. నేను చెప్పాను, ఆయన రాసుకున్నారు. ఎందుకు చెప్పానంటే, సిగ్గు విడిచి ఒప్పుకుంటున్నాను, లోపల ఎక్కడో నాకు సంతోషంగానే ఉంది. అంతమంది ముందు నిలబడినప్పుడైనా, ఇది మా ఆవిడ వంట అంటారనుకున్నాను. ఆ ఒక్క మాట కోసం నేను కూడా మా అమ్మలాగే కాచుకు కూర్చున్నాను.

ఆదివారం పొద్దున కుండలో గంజి పోసి, మూత పెట్టి, నేనూ అమ్మాయీ గిన్నెలు పట్టుకుని హాల్లోకి దిగాం. స్టవ్వులు సర్దాలి, బొబ్బట్లకి పిండి తడపాలి. ఆయన పైనే ఉండిపోయారు. కమిటీ నుంచి ఇద్దరు వచ్చి మా వంటిల్లు వీడియో తీస్తారని, వృథా లేని వంటిల్లు అంటే ఎలా ఉంటుందో ముందు అది చూపిస్తారని చెప్పారు. నాకు ఏ అనుమానమూ రాలేదు.

పదకొండు గంటలకి హాలు నిండింది. ఆయన పూజకి కొన్న కొత్త పంజాబీ లాల్చీ మీద ఏప్రన్ కట్టుకుని నిలబడ్డారు. వెనకాల బల్ల దగ్గర నేను పిండి మర్దిస్తున్నాను. ఆయన అదిమిన దిబ్బరొట్టె నేను తిరగేశాను. ఆయన చూపించిన గారెలు నేను పులుసులో వేశాను. ఎవరో ఈ ఆలోచనలు ఎలా వస్తాయని అడిగారు. రిటైరయ్యాక మెదడుని ఖాళీగా ఉంచకూడదు కదా అన్నారు, తన వచ్చీ రాని బెంగాలీలో. అందరూ నవ్వారు, చప్పట్లు కొట్టారు. నా వేళ్ళు పిండిలో ఆగిపోయాయి. అమ్మాయి నా వైపు చూసి తల దించుకుంది.

అప్పుడు ముందు వరసలో కుర్చీలో కూర్చున్న మాషిమా చేయెత్తింది. ఈ మిఠాయిలు సరే, అసలైనది తేలేదేం అని అడిగింది. మీ వంటింట్లో మూలన ఉంటుంది కదా, ఆ కుండ తెచ్చి ఈ పిల్లలకి చూపించండి, మిగిలిన అన్నాన్ని మా అమ్మలు ఏం చేసేవాళ్ళో వీళ్ళకి తెలియాలి అంది.

ఆయన నవ్వేశారు. అది పాచి నీళ్ళు మాషిమా, వాసన కూడా వచ్చేది, వీడియో వాళ్ళు వస్తున్నారని పొద్దున్నే సింకులో పారబోసి, పనిమనిషి చేత కుండ శుభ్రంగా తోమించేశాను అన్నారు. వెనక వరసల్లో కొందరు నవ్వారు. మాషిమా నవ్వలేదు.

పెళ్ళయ్యాక అత్తవారింట్లో నా యాస మీద ఎన్నో వెక్కిరింతలు పడ్డాయి. అందుకని వాళ్ళలాగే మాట్లాడడం నేర్చుకున్నాను. ఆ రోజు నోట్లోంచి మా ఊరి మాటే వచ్చింది.

"ఏటి, మొత్తం పారబోసీసినారా? అడుగున కూడా ఉంచనేదా?"

ఆయన గొంతు తగ్గించి, "ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం" అన్నారు. హాల్లో తెలుగు వచ్చినవాళ్ళు ముగ్గురమే. కానీ అక్కడ ఎవరికీ అనువాదం అవసరం పడలేదు. నేను చేతికి అంటుకున్న పిండిని గిన్నె అంచుకి తుడిచి, కొంగు దులుపుకుని బయటకి వచ్చేశాను. తరవాత అమ్మాయి చెప్పింది, ఆయన బొబ్బట్టు ఒత్తబోతే పూర్ణం పెనం మీదకి వచ్చేసిందట. చివరికి సందేశ్ పొడి స్పూన్లతో పంచారట.

కుండ బాల్కనీలో బోర్లించి ఉంది. లోపల ముక్కు పెట్టి చూస్తే అంట్ల సబ్బు వాసన వచ్చింది. సింకులో జాలీ ఎత్తాను. దాంట్లో నాలుగైదు మెతుకులు, ఒక గంధరాజ్ ఆకు, పైన సబ్బు నురుగు. వాటిని ఏరాను. నీళ్ళలో జాడించి, చిన్న గిన్నెలో వేసి, ఏమైనా పనికొస్తాయేమోనని వాసన చూశాను. మళ్ళీ సబ్బే. కింద హాల్లో ఒక్క మెతుకు కూడా వృథా కాకుండా అని బ్యానర్ కట్టుకుని మనుషులు చప్పట్లు కొడుతుంటే, ఆ మెతుకుల గిన్నె చేత్తో పట్టుకుని నేను వంటింట్లో నిలబడ్డాను. ఏడుపు రాలేదు. ఒక్క కుండకి ఇంత కోపమా అని ఎవరైనా అడిగి ఉంటే ఆ కుండతోనే కొట్టేదాన్ని.

ఆయన వచ్చాక యుద్ధం జరిగింది. అందరి ముందూ పరువు తీశావన్నారు. రేపు గంజి పోస్తే మళ్ళీ పులుస్తుంది కదా, దీనికింత రాద్ధాంతం ఎందుకన్నారు. అది అమ్మ ఇచ్చింది అన్నాను.

"అది మీ అమ్మదని నాకేం తెలుసు? ఒక్కసారైనా చెప్పావా?"

 ఎవరి ఒళ్ళో వచ్చింది అది? ఎవరి ప్యాంటు మీద ఒలికింది? ప్యాంటు పాడైన సంగతి ఆయనకి బాగా గుర్తుంది. అది ఎందువల్ల పాడైందో గుర్తులేదు. అదే అన్నాను.  చివరికి, బెంగాలీవాళ్ళు వీడియోలో చూస్తే ఏమనుకుంటారోనని తీశానన్నారు. ఏ బెంగాలీవాళ్ళు? ఉగాదిలాంటి వాళ్ళ కొత్త సంవత్సరానికి పాంతా భాత్‌ని మట్టి మూకుళ్ళలో పెట్టి, పెద్ద పెద్ద హోటళ్ళలో వరసలో నిలబడి తినేవాళ్ళా? పై అంతస్తు నుంచి గ్లాసు పట్టుకుని ముప్పై ఏళ్ళుగా దిగి వస్తున్న ఆవిడా? ఆయన సిగ్గుపడింది వాళ్ళ ముందు కాదు. నా ముక్కూ, నా నోరూ, నేను పుట్టిన ఇల్లూ ఆయనకి సిగ్గు. ముప్పై ఏళ్ళు కంపు అన్నది దాన్నే. ఇది కూడా మొహం మీదే చెప్పాను. చెప్పినందుకు ఇప్పటికీ పశ్చాత్తాపం లేదు.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి ఏక్‌బాల్‌పూర్ వెళ్ళాను. రేవులో పనికి మా వైపు నుంచి వచ్చిన కుటుంబాలు అక్కడున్నాయి. చిన్నప్పుడు మా వీధిలో తరవాణి లేని ఇల్లు లేదు కాబట్టి, వాళ్ళల్లో ఒక్కరింట్లోనైనా ఉండకపోతుందా అనుకున్నాను. అమ్మది కాకపోయినా మా గాలిదే కదా. ఒక సందులో కొళాయి దగ్గర బిందెలు వరసలో పెట్టి కూర్చున్న ముసలామెని అడిగాను. ఆమె నన్ను పైకీ కిందకీ చూసింది, ఇంత మంచి చీర కట్టుకున్నావిడకి తరవాణి ఎందుకా అని కాబోలు.

"ఇప్పుడెవులు పెడతన్నారమ్మా, ఫ్రిజ్జులొచ్చినాయి కదా. మీ ఇంట్లో ఉంటే నాకే ఓ గ్లాసుడు తెండి. తాగి శానా ఏళ్ళయిపోనాది."

నా దగ్గరుంటే తెచ్చేదాన్నేనని చెప్పి తిరుగుముఖం పట్టాను. ఆమె అదే మాట మొన్న అడిగి ఉంటే ఇవ్వగలిగేదాన్ని అన్న ఆలోచన బస్సు దిగేదాకా నన్ను తినేసింది.

ఇంటికొచ్చేసరికి అమ్మాయి ఆఫీసుకి సెలవు పెట్టి వంటింట్లో ఉంది. గాజు ఊరగాయ జాడీ ఒకటి కడిగి ఆరబెట్టింది. తను పెడతానంది. ఇది పెడితే వచ్చేది కాదని, అంత తేలికైతే నేనెందుకిలా ఉంటానని దాని మీద కూడా విసుక్కున్నాను. నీకు చేతకాదు, నీకు తెలియదు అన్నాను. అది నా మొహంలోకి చూస్తూ నెమ్మదిగానే అంది.

"నువ్వు నన్ను ఎప్పుడైనా ముట్టుకోనిచ్చావా అమ్మా?"

లేదు. చిన్నప్పుడు అది కుండలో చేయి పెడితే చేతి మీద కొట్టాను. పెద్దయ్యాక నేర్పిస్తానన్నాను, నేర్పించలేదు. అమ్మది, నాది అనుకున్నాను. దానిది కూడా అవ్వాలని ఎప్పుడూ అనుకోలేదు. అది పక్కన నిలబడి ఎంత గంజి, ఎన్ని ఆకులు అని అడుగుతుంటే నాకు లెక్క చెప్పడం రాలేదు. చేయి చెప్పినట్టు పోసేదాన్ని. జాడీలో నేను పోస్తుంటే అది ఒక్కొక్కటీ కప్పులతో కొలిచి ఫోన్లో రాసుకుంది. మాషిమాని పిలుచుకొచ్చింది. ఆవిడ గంజిలోని రెండు మెతుకులు చిదిమి చూసి, ఎండ తగిలే చోట పెట్టకండి, గుడ్డ కట్టండి అని చెప్పి వెళ్ళింది. మా ఆయన ఆ మూడు రోజులూ హాల్లోకి తన గ్లాసు నీళ్ళు తనే తెచ్చుకున్నారు. గ్రూపులో ఏమీ పెట్టలేదు.

నాలుగో రోజు పొద్దున జాడీ మూత తీశాం. పైన బుడగలు లేచి ఉన్నాయి. వాసన వచ్చింది. అమ్మాయి రాత్రి అన్నం వేసి ఉంచింది. దాన్ని పళ్ళెంలో తీసి, పైన ఆ నీళ్ళు పోసి, పచ్చిమిరపకాయ పక్కన పెట్టి నా ముందుంచింది. ఆయన వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. లోపలికి రాలేదు. నేను తినేటప్పుడు ఒక్కటే నిశ్చయించుకున్నాను. ఇది అది కాదని చెప్పాలి. ఆయన వినేలా చెప్పాలి. జన్మంతా ఆయనకి గుర్తుండాలి.

ముద్ద నోట్లో పెట్టుకున్నాను. నాలుక మీద వెతికాను. పులుపు వెనక ఇంకేదైనా తక్కువుందా, అమ్మది అని పట్టుకోగలిగింది ఏదైనా తప్పిపోయిందా అని, రెండో ముద్దా మూడో ముద్దా కూడా వెతికాను. అదే పులుపు. అదే గంధరాజ్ ఆకు. పోయిన వారం ఆ కుండలోంచి తీసుకు తిన్నదానికీ దీనికీ వెంట్రుకంత తేడా కూడా నాకు తెలియలేదు.

ఎలా ఉందని అమ్మాయి అడిగింది. ఉప్పు కొంచెం తక్కువైందన్నాను. అది ఫోన్ తీసి రాసుకుంది. గుమ్మంలోంచి ఆయన ఊపిరి వదలడం వినిపించింది. క్షమించేశాననుకుని ఉంటారు. ఒక గంట తరవాత టీ కలిపి తెచ్చి నా పక్కన పెట్టారు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి. తాగాను.

క్షమించలేదు. ఇప్పుడు ఆ జాడీని రోజూ అమ్మాయే చూసుకుంటుంది. నేను చేయి పెట్టను. దబ్బాకులతో, మా ఊరి నూతినీళ్ళతో అమ్మ పెట్టిన తరవాణి ఎలా ఉండేదో నాకు గుర్తు లేదు. ఏ ఏడాది మర్చిపోయానో కూడా తెలియదు. ఆయన ఆ కుండ పారబోయకపోతే ఆ సంగతి నాకు చచ్చేదాకా తెలిసేది కాదు.